పిల్లికి పారాసిటమాల్ సిరప్ పట్టించాం, మూతి వాచింది. మనకు పడేది దానికెందుకు పడదు?

పిల్లిమేనత్త · రాత్రి 9:12

అర్జెంటండీ. మా మీసాలు (పిల్లి పేరే, మగది, మూడున్నర కిలోలు) నిన్నటి నుంచి తుమ్ముతోంది, ఒళ్లు వెచ్చగా ఉంది. మధ్యాహ్నం మూడింటికి మా అత్తగారు బాబు జ్వరానికి తెచ్చిన పారాసిటమాల్ సిరప్ ఒక చెంచాడు పట్టించేశారట. నాకిప్పుడే చెప్పారు. "పసిపిల్లాడికే పోస్తున్నాం, పిల్లికేమవుతుందే" అని ఆవిడ ధీమా. ఇప్పుడు చూస్తే మూతి ఉబ్బింది, ముందు కాళ్లు బూరెల్లా ఉన్నాయి, సొంగ కారుస్తోంది, పిలిస్తే పలకట్లేదు. చలవ చేస్తుందని పెరుగన్నం పెట్టనా? మాది రాజమండ్రి.

డాలస్ బాబాయ్ · రాత్రి 9:15

పెరుగన్నం వద్దమ్మా, నోట్లో ఏమీ పెట్టకు. ఇది తుమ్ముల సంగతి కాదు, మందు సంగతి. మన పశువుల డాక్టర్ గారిని పిలుస్తున్నా, ఈ టైములో ఆన్‌లైన్లోనే ఉంటారు.

సందుచివరి ఇల్లు · రాత్రి 9:18

అంత కంగారు పడకండి. మా పిల్లికి కూడా ఒకసారి 500 టాబ్లెట్లో పావు ముక్క పాలల్లో కలిపి ఇచ్చాం. ఏమీ కాలేదు. కాస్త మత్తుగా పడుకుంది, రెండ్రోజుల తర్వాత ఎటో వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. పిల్లులంతే కదా.

పశువుల డాక్టర్ · రాత్రి 9:21

సందుచివరి ఇల్లు గారూ, మీ పిల్లి ఎందుకు రాలేదో తర్వాత మాట్లాడుకుందాం.

పిల్లిమేనత్త గారూ, రెండు పనులు. పై పెదవి ఎత్తి చిగుళ్ల రంగు చూడండి. సిరప్ సీసా మీద 5 మి.లీ.కి ఎంతని ఉందో చూడండి, 125 ఆ 250 ఆ. కక్కించే ప్రయత్నం చేయొద్దు, ఆరు గంటలు దాటిపోయింది కాబట్టి దానివల్ల లాభం లేదు, ఊపిరితిత్తుల్లోకి పోతే అదొక ప్రమాదం.

పిల్లిమేనత్త · రాత్రి 9:26

250 అని ఉంది. చిగుళ్లు గులాబీ రంగులో లేవండీ. కాఫీ డికాక్షన్‌లా ఉన్నాయి. నాలుక కూడా.

పశువుల డాక్టర్ · రాత్రి 9:29

అయితే ఇంకేమీ చదవకుండా బయల్దేరండి. 250 మిల్లీగ్రాములు మూడున్నర కిలోలకి అంటే కిలోకి 70 దాటింది. పిల్లల డాక్టరు మీ బాబుకి కిలోకి 15 చొప్పున లెక్కేసి రాస్తారు. పిల్లుల్లో కిలోకి 10 కే లక్షణాలు కనపడిన సందర్భాలున్నాయి.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: ఎన్-ఎసిటైల్ సిస్టీన్. ఇదే విరుగుడు. పశువుల ఆసుపత్రిలో లేకపోవచ్చు, కానీ మనుషుల మెడికల్ షాపులో ఉంటుంది, ఎందుకంటే పారాసిటమాల్ ఎక్కువ మింగిన మనుషులకూ ఇదే ఎక్కిస్తారు. మీవారిని పెద్దాసుపత్రి పక్కన రాత్రంతా తెరిచే షాపుకి పంపి ఇంజెక్షన్ తెప్పించండి. మోతాదు చూసే డాక్టరే లెక్కేసుకుంటారు. బుట్టలో పెట్టి తీసుకెళ్లండి, ఒళ్లో బిగించి పట్టుకోవద్దు. దానికి ఊపిరాడటమే కష్టంగా ఉంది.

నిర్వాహకుడు · రాత్రి 9:40

మూడో పోస్టు తీసేయమని ఇద్దరు రిపోర్ట్ చేశారు. తీయట్లేదు. దానికి వచ్చే జవాబు కూడా జనం చదవాలి.

పిల్లిమేనత్త · రాత్రి 1:48

బతికే ఉంది. ఆక్సిజన్ పెట్టారు. మొదట వెళ్లిన చోట తాళం. రెండో చోట డాక్టరమ్మ ఇంట్లోంచి వచ్చి తెరిచారు, చెయ్యెత్తి దణ్ణం పెట్టాలి ఆవిడకి. విరుగుడు అక్కడ లేదు, మా ఆయన బండేసుకుని మూడు మెడికల్ షాపులు తిరిగి పట్టుకొచ్చారు. మూడో షాపు అబ్బాయి "పేషెంటు వయసెంత" అంటే ఈయన "రెండేళ్లు" అన్నారట. అబద్ధం కాదు కదా.

ఒకటి మాత్రం కళ్లలోంచి పోవట్లేదు. డాక్టరమ్మ దాని కాలి నుంచి ఒక చుక్క రక్తం తీసి తెల్ల కాగితం మీద వేశారు, పక్కనే మామూలు పిల్లి రక్తం ఇంకో చుక్క. అది గాలి తగిలి ఎర్రగా మెరిసింది. మా మీసాలుది చాక్లెట్ మరకలా అలాగే ఉండిపోయింది. "చూశావా, గాలి తగిలినా ఎరుపెక్కట్లేదు" అన్నారు. మా అత్తగారు అప్పటిదాకా ఏదో ఒకటి అంటూనే ఉన్నారు. ఆ కాగితం చూశాక కుర్చీలో కూలబడిపోయారు.

పశువుల డాక్టర్ · ఉదయం 7:05

రాత్రి గడిచింది కాబట్టి ఆశ ఉంది. మూడు రోజుల దాకా ధైర్యం చెప్పలేను.

ఇక ఎందుకు అన్న ప్రశ్న. పారాసిటమాల్ మన ఒంట్లోకి పోగానే కాలేయం దానికి గ్లూకురోనిక్ ఆమ్లం అనే ఒక తోక తగిలించి మూత్రంలోకి పంపేస్తుంది. ఎక్కువ భాగం అలా పోతుంది. కొంత సల్ఫేట్ దారిలో పోతుంది. మిగిలిన కాస్త మాత్రమే విషంగా మారుతుంది, దాన్ని గ్లూటాథయోన్ అనే పదార్థం ఎప్పటికప్పుడు తుడిచేస్తుంది.

పిల్లికి ఆ తోక తగిలించే ఎంజైము లేదు. తయారుచేసే జన్యువు ఉంది, కానీ పాడైపోయి ఉంది. రాజమండ్రి వాళ్లకి ఇలా చెబితే తెలుస్తుంది: రోడ్ కమ్ రైలు వంతెన మూసేశారనుకోండి, బండ్లన్నీ ఇంకో వంతెన మీదికే వస్తాయి, కాసేపటికి అదీ కదలదు. సల్ఫేట్ దారి అలా నిండిపోతుంది. మందంతా విషం వైపు మళ్లుతుంది, తుడిచే పదార్థం అయిపోతుంది.

అప్పుడు దెబ్బ ఎర్రరక్తకణాల మీద పడుతుంది. పిల్లి హిమోగ్లోబిన్ పుట్టుకతోనే సుకుమారం. ఇలాంటి విషాలు పట్టుకునే సల్ఫర్ కొక్కాలు చాలా జంతువుల హిమోగ్లోబిన్‌లో రెండుంటే కుక్కకి నాలుగు, పిల్లికి ఎనిమిది. అందులోని ఇనుము ఆక్సీకరణం చెంది రక్తం గోధుమరంగుకి తిరుగుతుంది. ఆ రక్తం ఆక్సిజన్ మోయదు. మనుషుల్లో ఇదే మందు మోతాదు మించితే ముందు కాలేయం పోతుంది, పిల్లిలో ముందు రక్తం పోతుంది. విరుగుడు చేసేది ఆ తుడిచే పదార్థానికి ముడిసరుకు అందించడమే.

సందుచివరి ఇల్లు గారూ, 500 లో పావు అంటే 125. మీ పిల్లి నాలుగు కిలోలుంటే కిలోకి 31. జబ్బు చేసిన పిల్లి ఇంట్లో పడుండదు, చీకటి మూల వెతుక్కుని వెళ్తుంది. అంతకంటే నేను చెప్పను.

సందుచివరి ఇల్లు · ఉదయం 7:31

తెలియక చేశామండీ. ఆ పోస్టు అలాగే ఉంచండి.

అడ్డసవాల్ · ఉదయం 8:10

డాక్టర్ గారూ, వివరణ బాగుంది కానీ ఒక అడ్డు ప్రశ్న. దీన్ని పిల్లి జాతికే పరిమితమైన గుణం అనొచ్చా? సింహం, పులి సంగతి? కుక్కకి పారాసిటమాల్ అమృతమా? ఇంటర్నెట్‌లో "కేవలం ఈ జాతిలోనే" అని రాసేవాటిలో సగం తవ్వితే కూలిపోతాయి.

పశువుల డాక్టర్ · ఉదయం 8:34

తవ్వండి, మంచిదే. ఆ జన్యువు ఇంటి పిల్లిలోనే కాదు, చూసిన మేరకు పిల్లి కుటుంబమంతటా పాడైంది. సింహం, చిరుత అన్నీ అదే బాపతు. 2011లో వచ్చిన ఒక పరిశోధనలో పిల్లి కుటుంబం బయట కూడా రెండు జంతువుల్లో ఇదే జన్యువు చెడిపోయి కనపడింది: గోధుమరంగు హైనా, ఉత్తరాది ఏనుగు సీల్. వీటన్నిటికీ ఉమ్మడి విషయం తిండి. దాదాపు మాంసం మీదే బతుకు. ఆకులూ కాయల్లో ఉండే విషాలను విరిచే ఎంజైము వాడకం లేక, అది చెడినా అడిగే నాథుడు లేక, తరతరాలుగా అలాగే వచ్చింది.

కుక్కకీ అమృతం కాదు. కిలోకి 100 దాటితే దాని కాలేయమూ పోతుంది. కానీ పిల్లికి తగులుతున్న మోతాదు కుక్కకి లెక్కలోకి రాదు.

ఇంకో ముచ్చట, పిల్లికి తీపి తెలియదు. తీపిని పసిగట్టే రుచిగ్రాహిలో సగం తయారుచేసే జన్యువు కూడా దానికి పనిచేయదు, 2005లో తేల్చారు. ఐస్‌క్రీం నాకుతుందంటే అది వెన్న కోసం.

అడ్డసవాల్ · ఉదయం 8:41

అయితే "పిల్లి కుటుంబం, ఇంకో రెండు" అని రాద్దాం. ఒప్పుకున్నా. ఏనుగు సీల్ సంగతి మాత్రం ఊహించలేదు.

డాలస్ బాబాయ్ · ఉదయం 8:55

మా ఇంట్లో కుక్క, దాని కథ వేరు. మా అమ్మాయి బ్యాగులోంచి షుగర్ లేని చూయింగ్ గమ్ డబ్బా లాగి తినేసింది. అందులో చక్కెర బదులు జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది. నాకు షుగరుందని నేను కొనుక్కున్న గమ్మే అది. మనిషి ఒంట్లో ఇన్సులిన్‌ని పెద్దగా కదిలించదు గనకే షుగరు వాళ్లకి మంచిదంటారు. కుక్క ఒంట్లో మాత్రం అది చక్కెరే అనుకుని క్లోమం ఇన్సులిన్‌ని కుమ్మరించేస్తుంది, అరగంటలో రక్తంలో చక్కెర పాతాళానికి పోతుంది. మాది తూలుతూ వచ్చి గోడకి తల ఆనించి నిలబడింది. ఇక్కడ జంతువుల విషాల హెల్ప్‌లైన్ ఉంటుంది, ఫీజు కట్టి మాట్లాడాలి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు చేసి ఎమర్జెన్సీకి తీసుకెళ్తే గ్లూకోజ్ ఎక్కించారు. రెండ్రోజులుంచి పంపారు. బిల్లు సంగతి అడక్కండి.

పిల్లిమేనత్త · ఉదయం 10:20

మీసాలు కళ్లు తెరిచి చూసింది. రక్తం ఎక్కించే అవసరం రాకపోవచ్చంటున్నారు. ఒక ప్రశ్న: పిల్లులకి లిల్లీ పూలు కూడా విషమని ఎక్కడో చదివాను. మా అత్తగారు రోజూ దేవుడికి లిల్లీ మాలలు తెస్తారు. పారేయమని చెప్పే ధైర్యం ఇవాళ నాకు లేదు.

పశువుల డాక్టర్ · ఉదయం 10:52

పారేయక్కర్లేదు. ఇది పేరు తెచ్చిన తంటా. మన పూలబజారులో లిల్లీ అని మూరల్లెక్కన అమ్మేది రజనీగంధ, అది వేరే కుటుంబం. కిడ్నీలు తినేసే లిల్లీ బొకేల్లో వచ్చే పెద్ద బాకా ఆకారపు పూలది, గోధుమరంగు పుప్పొడి రాలేది. డే లిల్లీ అని కుండీల్లో పెంచేదీ అంతే. ఆకు నమిలినా, ఒంటి మీద పడ్డ పుప్పొడి నాకినా, ఆ పూలు పెట్టిన నీళ్లు తాగినా చాలు, మూడు రోజుల్లో పిల్లి కిడ్నీలు ఆగిపోతాయి. కుక్క అదే పువ్వు తింటే కాసేపు కడుపు తిప్పుతుంది, అంతే.

పెళ్లిరోజుకి మీవారు బొకే తెస్తే మాత్రం చూసుకోండి. కుక్కలకి మెడ మీద పోసే పిడుదుల మందులో పెర్మెత్రిన్ ఉందేమో కూడా చూడండి. అది పిల్లికి పోస్తే గజగజ వణికి ఫిట్స్ వస్తాయి. సగం ధరకి దొరికిందని కుక్క మందు పిల్లికి పోసిన వాళ్లు నా దగ్గరికి ఏటా వస్తుంటారు.

గుట్టలకాడ · మధ్యాహ్నం 12:15

నేను ఆసిఫాబాద్ దిక్కు ఉంట. ఈ ముచ్చట సదువుతుంటె రాబందులు యాదికొచ్చినయి. బెజ్జూరు అడవిల పాలరాపు గుట్ట అని ఉంది, పెద్దవాగు ఒడ్డున నిట్టనిలువు బండ. ఆ బండ సందులల్ల పొడుగుముక్కు రాబందులు గూళ్లు పెట్టుకున్నయని 2013ల బయటపడ్డది. బైనాక్యులర్లకెల్లి చూస్తె బండ మీద సున్నం పోసినట్టు తెల్లటి చారలు కనవడుతయి, అవి వాటి రెట్టలు. గూడు యాడుందో ఆ చారలే చెప్తయి.

మా తాత చెప్పేటోడు, బర్రె సచ్చి ఊరవతల పడేస్తె పొద్దూకేసరికి బొక్కలే మిగిలేటివట. అన్ని రాబందులు ఏమైనయి? బర్లకు నొప్పులకని వేసిన డైక్లోఫినాక్ సూది. బర్రెకు ఏం కాలే. మనిషికి ఏం కాలే, మోకాళ్ల నొప్పులకు మనం మింగుతనే ఉన్నం. సూదేసిన బర్రె సచ్చినంక దాన్ని తిన్న రాబందుకు కిడ్నీలు ఖతం. కోసి చూస్తె లోపల గుండె, కార్జం మీద సుద్ద పూసినట్టు తెల్లగ ఉంటదట, యూరిక్ ఆమ్లం గడ్డకట్టి. పాకిస్తాన్ల పనిచేసిన శాస్త్రవేత్తలు 2004ల ఈ సంగతి రాసిన్రు. అప్పటికి ఆలస్యమైంది. తెల్లనడుము రాబందులు 1992 నుంచి 2007 నడుమ మన దేశంల నూటికి తొంభైతొమ్మిది కంటె ఎక్కువ పోయినయి. నూరు కళేబరాలల్ల ఒక్కదాంట్ల మందున్నా సాలు, ఎందుకంటె ఒక్క బర్రె మీద గుంపంత వాల్తది.

అడ్డసవాల్ · మధ్యాహ్నం 12:40

నిషేధించారు కదా?

గుట్టలకాడ · మధ్యాహ్నం 12:58

పశువుల డైక్లోఫినాక్ 2006ల ఆపిన్రు. మరి మనుషుల డైక్లోఫినాక్ 30 మి.లీ. సీసల దొరికేది గద, అంత పెద్ద సీస మనిషికెందుకు? అదే తెచ్చి బర్లకు వేసేటోళ్లు. 2015ల గని మనుషుల సీస 3 మి.లీ.కి కుదించలే. రాబందుకు అట్లనే విషమైన నొప్పి మందులు కీటోప్రొఫెన్, ఎసిక్లోఫినాక్ పశువులకు ఆపింది 2023ల. బర్రె నొప్పికి మెలాక్సికామ్ ఉంది, అది తిన్న రాబందుకు ఏం కాదు. మీ పశువుల డాక్టరును అదే అడుగున్రి.

అడ్డసవాల్ అన్న మల్ల అడుగుతడని ముందే చెప్త: ఇది ఒక్క జాతి సంగతి కాదు, మన రాబందుల కులమంతటికీ ఉంది. అమెరికాల టర్కీ వల్చర్ అని ఉంటది, అదీ పీనుగులు తినేదే. దానికి మన రాబందును సంపే మోతాదుకు నూరు రెట్లు ఇచ్చి చూసిన్రు, ఏం కాలే. పేరు వల్చరే, చుట్టరికమే దూరం.

కర్నూలు జేజినాయన · మధ్యాహ్నం 2:30

మీరంతా మందులూ విషాలూ మాట్లాడుకుంటాండారు. నాది ఇంకో రకం మాట. ఒక్క జాతికే పట్టే జబ్బులు. నా చిన్నప్పుడు మా ఊళ్లో దిగుడు బావి ఉండె. అందరం మెట్లు దిగి కాళ్లు నీళ్లల్లో పెట్టి ముంచుకునేవాళ్లం. ఊళ్లో సగం మందికి నారికురుపు, తాగే నీళ్లతో లోపలికి పోయిన పురుగు ఒంట్లో పెరిగి తోలు చీల్చుకుని బయటికొచ్చే జబ్బు. మా చిన్నాయనకి మడమ కాడ బొబ్బ లేసి పగిలి తెల్లటి నూలుపోగు మాదిరి పురుగు తల బయటికొచ్చె. మా జేజి చీపురుపుల్లకి దాన్ని చుట్టి, పొద్దున ఒక చుట్టు, సాయంత్రం ఒక చుట్టు. బలంగా లాగితే తెగుతాది, తెగితే కాలంతా చీము. మూడు వారాలు పుల్ల కాలికి కట్టుకునే కూర్చున్యాడు.

తర్వాత గవర్నమెంటోళ్లు వచ్చి మెట్లు మూసి చేదబావి చేసిరి. నీళ్లు బట్టలో వడగట్టి తాగమనిరి. మన దేశంలో కడపటి కేసు 1996లో, 2000లో పోయిందని సర్టిఫికెట్ ఇచ్చినారు. మనిషికి తప్ప ఇంకో జంతువుకి పట్టదనుకున్యారు కాబట్టే మనిషి దగ్గర ఆపితే చాలన్న ధైర్యం. అమ్మవారు (మశూచి) కూడా అంతే. దాచుకునేదానికి దానికి ఇంకో జంతువు లేకపాయె, 1980లో లోకంలోనే లేదనిరి.

అడ్డసవాల్ · మధ్యాహ్నం 2:51

జేజినాయనా, మీరు "అనుకున్యారు" అన్నారు చూడండి, ఆ మాట దగ్గరే ఉంది కిటుకు. ఆఫ్రికాలో చాద్ దేశంలో 2012 నుంచి కుక్కల్లో నారికురుపు కనపడుతోంది. మనుషుల్లో వేళ్ల మీద లెక్కపెట్టే స్థితికి వచ్చాక కుక్కల్లో వందల్లో తేలింది. ఇప్పుడక్కడ కుక్కల్ని కట్టేసి ఉంచమని, చేపల పేగులు వాటికి వేయకుండా పాతిపెట్టమని ఊరూరా చెబుతున్నారు. "ఒక్క జాతికే" అన్న మాట మీద కార్యక్రమం మొత్తం నిలబడితే, ఆ మాట తప్పితే ఖర్చు ఇంతా అంతా కాదు.

కర్నూలు జేజినాయన · మధ్యాహ్నం 3:04

కుక్కలకా! అది నాకు తెలీదు నాయనా. మా కాలంలో ఊరకుక్కలూ ఆ బావికాడే తాగుతాండె, వాటి కాళ్లు ఎవురు చూసినారు.

గొర్లకాపరి · సాయంత్రం 5:45

సారూ, పశువుల డాక్టర్ సారూ. మాది పాలమూరు. ఎనభై గొర్లు, పన్నెండు మేకలు, రెండు బర్లు. మూడు నెలల సంది బర్లకు తెచ్చిన మినరల్ మిక్చర్ గొర్లకు గూడ దాణల కలిపి వెడుతున్న, మంచిగ బలుస్తయని. నాలుగు దినాల కింద వానల తడిసినయి. నిన్న రెండు గొర్లు తిండి బందు పెట్టి, కండ్లు పసుపుపచ్చగై, నల్లకాఫీ లెక్క ఉచ్చ పోసి సచ్చినయి. ఇయ్యాల ఇంకోటి అట్లనే ఉంది. మేకలకు ఏం కాలే. అదే దాణ తిన్నయి. ఈడ సదివినంక అనుమానమొచ్చింది.

పశువుల డాక్టర్ · సాయంత్రం 6:02

అనుమానం రావాల్సిందే. ముందు ఆ బస్తా పక్కన పెట్టు తమ్ముడూ, ఇంకో గుప్పెడు కూడా వద్దు. బస్తా వెనక కాపర్ అని ఉందా చూడు, రాగి అన్నమాట. బర్రెకి కావాల్సినంత రాగి గొర్రెకి ఎక్కువ. మిగతా జీవాలు మిగులు రాగిని పైత్యరసంలో బయటికి తోసేస్తాయి. గొర్రె ఆ పని సరిగా చేయలేదు. కార్జంలో దాచుకుంటూ పోతుంది. నెలలపాటు పైకి ఏమీ తెలియదు, నువ్వన్నట్టు బలుస్తున్నట్టే ఉంటుంది. వానకి తడవడం, దూరం నడిపించడం, ఏదో ఒక కష్టం తగలగానే దాచిందంతా ఒక్కసారి రక్తంలోకి వదులుతుంది. ఎర్రకణాలు పగిలిపోతాయి. ఆ నల్ల ఉచ్చ అదే. మేక గొర్రె కంటే బాగా తట్టుకుంటుంది.

అయితే ఫోన్లో చూసి తేల్చను. పిడుదుల వల్ల వచ్చే జ్వరంలో కూడా ఉచ్చ ఎర్రగా వస్తుంది. చచ్చినదాన్ని పాతిపెట్టే ముందు మీ మండలం పశువుల డాక్టరుని పిలిచి కోయించు. కిడ్నీలు నల్లగా తుపాకి గొట్టం రంగులో ఉంటే రాగే. కార్జం ముక్క ల్యాబుకి పంపమను. మిగిలిన గొర్రెల్ని రెండు వారాలు అటూ ఇటూ తోలకు, బెదరగొట్టకు, సంతకి లారీ ఎక్కించకు. జబ్బుపడ్డదాని సంగతి ఆయన చూస్తారు.

పిల్లిమేనత్త · రెండు రోజుల తర్వాత, ఉదయం 9:30

ఇంటికి తెచ్చేశాం. మూతి వాపు దిగింది, చిగుళ్లు గులాబీ రంగుకొచ్చాయి, పక్కింటి చేపల పులుసు వాసనకి గోడెక్కి కూర్చుంది. కాలేయం పరీక్ష వారం తర్వాత మళ్లీ చేయించమన్నారు. మా అత్తగారు రెండు రోజులుగా నాతో మాట్లాడట్లేదు, దానితోనే మాట్లాడుతున్నారు. బాబు సిరప్ సీసాకి రబ్బరు బ్యాండుతో చీటీ కట్టారు, "ఇది పిల్లది, పిల్లిది కాదు" అని. డాక్టర్ గారికీ బాబాయ్ గారికీ వేరే చెప్పాలా.

గొర్లకాపరి · రెండు రోజుల తర్వాత, రాత్రి 8:10

సారూ, డాక్టరు సారు వచ్చి కోసిండు. కిడ్నీలు మీరు చెప్పినట్టే, నల్లగ నీలిగ. బస్త మీద మా పాప సదివింది, కాపర్ సల్ఫేట్ అని ఉంది. మూడోది గూడ పోయింది. మిగిలినయి దొడ్లెనే ఉంచిన, మేత తెచ్చి ఏస్తున్న. బస్తల ఇంకా సగం ఉంది, పదిహేను వందలు పెట్టి తెచ్చిన. బర్లకు వెట్టొచ్చునా?

పశువుల డాక్టర్ · రెండు రోజుల తర్వాత, రాత్రి 8:22

బర్రెలకు పెట్టుకో, వాటికోసం చేసిందే. తొట్టి మాత్రం వేరుగా, గొర్రెలకి అందని ఎత్తులో పెట్టు. బర్రెలు మిగిల్చింది ఊడ్చి గొర్రెల దొడ్లో పోయకు.